40వ ఫోటో

36 ఫోటోల రీల్లో 40వది కూడా పడుతోందంటే అనుమానం రావాలి కదా. నాకు రాలేదు. శనివారం పొద్దున్నే జమ్మలమడుగులో బస్సు దిగి, ఆటోలో గండికోట వెళ్లాను. చేతిలో నాన్న పాత ఫిల్మ్ కెమెరా, పెంటాక్స్ కె1000. పెన్నా లోయ, ధాన్యాగారం, మాధవరాయ గుడి గోపురం... ఆ సాయంత్రం ఎండ ఎంత బాగుందో!

తీరా రీవైండ్ చేద్దామని, అంటే ఫిల్మ్‌ని మళ్లీ డబ్బీలోకి చుట్టేద్దామని తిప్పితే నాబ్ మరీ తేలిగ్గా తిరిగింది. ఫిల్మ్ మొన దాన్ని చుట్టుకునే స్పూల్‌కి పట్టనేలేదు. రోజంతా ఉత్తినే క్లిక్కుమనిపించానన్నమాట. ఫిల్మ్‌ని ముందుకు జరిపే లీవర్ లాగినప్పుడల్లా రీవైండ్ నాబ్ కూడా తిరుగుతోందో లేదో చూసుకోమని నాన్న వందసార్లు చెప్పారు. (రీలు మాత్రం చెక్కుచెదరలేదు, మళ్లీ వాడుకోవచ్చు. అదో ఆనందం.)

ఇంటికొచ్చాక "ఎన్ని తీశావురా?" అన్నారు.

"రీలు ఇంకా అవ్వలేదు నాన్నా" అన్నాను. అబద్ధమైతే కాదుగా!