సరదా గడి

భద్రకాళి చెరువు కట్ట మీద మిర్చి బజ్జీల బండి దగ్గర ఉండగా ఫోను మోగింది. ఈ నెల అప్పు వాయిదా ఖాతాలోంచి పోయింది. నా ముఖం చూసి మా ఆవిడ "ఇవాళ వద్దులెండి" అంది. నేను రెండు ప్లేట్లు చెప్పేశాను.

బజ్జీ చీల్చి, ఉల్లిపాయ ముక్కలు కూరి, పైన నిమ్మచెక్క పిండి ఇచ్చాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి, కారానికే లెండి.

ఇంటికి రాగానే ఆవిడ ఆ ఖర్చు డైరీలో 'సరదా' గడిలో రాసింది. ఆ గడికి నెలకు 500 రూపాయలు. దాన్ని అప్పుకు మళ్లించకూడదని మా ఇంటి చట్టం.

మిగిలిందంతా ముందు క్రెడిట్ కార్డు అప్పుకే. దాని వడ్డీ నెలకు మూడున్నర శాతం, అంటే ఏడాదికి 42. నూటికి మూడు రూపాయల వడ్డీ తీసుకునే ఊరి షావుకారును ఎంత తిట్టుకునేవాళ్లం! ఆయనే నయం. బిల్లులో చూపించే 'కనీస మొత్తం' మాత్రమే కడుతూ పోతే అసలు అప్పు కదిలీ కదలనట్టే ఉంటుంది.

"అప్పు పెట్టుకుని షికార్లేమిటి?" అని మా బావగారు హన్మకొండ నుంచి ఫోను చేసి మరీ అడిగారు. ఆయన కారు వాయిదాలు ఇంకా ఎన్ని ఉన్నాయో మాత్రం చెప్పలేదు.