3,200 కిలోమీటర్ల దగ్గర నా బండి లెక్క

నిన్న ఆఫీసు నుంచి వస్తూ చూస్తే మీటరు 3,200 దాటింది. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 తీసుకున్నది నవంబరులో. అంతకుముందు పదకొండేళ్లు నడిపింది వంద సీసీ బండి. విజయనగరం సందుల్లో దాన్ని ఒంటిచేత్తో తిప్పేసేవాణ్ణి. ఇది 195 కిలోలు. ఇంటికి తెచ్చిన రోజు మా గేటు ముందున్న చిన్న వాలు ఎక్కించడానికి పక్కింటి కుర్రాణ్ణి సాయం పిలిచాను. ఈ ఐదు నెలల్లో నేర్చుకున్నదంతా ఆ బరువుతో మెలగడమే. కొత్తగా ఇలాంటి బండి కొనేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

0 – 500 కిలోమీటర్లు

మొదటి సర్వీసు అయ్యేవరకు థ్రాటిల్ గట్టిగా తిప్పలేదు, ఒకే వేగంలో ఎక్కువసేపు పోలేదు. మా కాలనీ చివర ప్లాట్లు వేసి వదిలేసిన లేఅవుట్ ఉంది. పొద్దున్నే ఆరింటికి అక్కడికి పోయి అరగంట యూటర్నులు కొట్టేవాణ్ణి. నెమ్మదిగా తిరిగేటప్పుడు ముందు బ్రేకు పట్టామా, ముందు భాగం కిందికి దిగి బండి ఒక్కసారిగా ఒరిగిపోతుంది. ముందు బ్రేకు జోలికి పోకుండా, వెనక బ్రేకు కొద్దిగా తొక్కి ఉంచి, క్లచ్ సగం మీద ఆడిస్తే నిలకడగా తిరుగుతుంది. చూపు చక్రం ముందు నేల మీద కాదు, వెళ్లాల్సిన వైపు ఉండాలి. మూడో వారానికి ముప్పై అడుగుల రోడ్డులో కాలు దించకుండా తిప్పగలిగాను. ఆ రోజు నిజంగా చాలా సంతోషపడ్డాను.

సెంటర్ స్టాండు వేయడానికి చేతులతో లేపబోయి నడుం పట్టేసింది. మా వీధి మెకానిక్ చూపించాడు. ముందు స్టాండు రెండు కాళ్లూ నేలకు ఆనాయో లేదో చూసుకోవాలి. ఆ తర్వాత కుడికాలి మీద ఒళ్లంతా వేసి నిలబడడమే. "నువ్వు ఎత్తకు బాబూ, నీ బరువే ఎత్తుతాది" అన్నాడు. అంతే, లేచింది.

700 – రామతీర్థం

డిసెంబరులో అమ్మను వెనక కూర్చోబెట్టుకుని రామతీర్థం వెళ్లాను. నెల్లిమర్ల దాటాక రోడ్డుకు ఒక పక్కంతా ధాన్యం ఆరబోసి ఉంది. రైతుకు వేరే కళ్లం లేదు, ఆ రోడ్డే కళ్లం. ఆయన్ని తప్పుపట్టను. కానీ గింజల మీద బ్రేకు వేస్తే చక్రం జారుతుంది. ముందే వేగం తగ్గించి, బండి నిటారుగా ఉంచి, బ్రేకూ థ్రాటిలూ రెండూ ముట్టుకోకుండా దాటాలి. ఇంకో సంగతి, కుప్ప చెదరకుండా అంచున రాళ్లు పేరుస్తారు. చీకటి పడ్డాక అవి కనపడవు. ఆ నెలంతా పల్లె రోడ్ల మీద పొద్దుగూకక ముందే ఇంటికి చేరేలా చూసుకున్నాను. తర్వాత ఉలవల కాలంలో మొక్కల్ని తెచ్చి బండ్లు తొక్కడానికి రోడ్డు మీదే పరిచారు. ఒక సాయంత్రం వెనక పళ్లచక్రానికి చుట్టుకున్న తీగల్ని కత్తెరతో కోసి తీయాల్సి వచ్చింది.

మనిషిని ఎక్కించుకునే ముందు వెనక షాకబ్జార్బర్లు చూసుకోండి. వాటి స్ప్రింగు బిగువుకు ఆరు మెట్లు ఉంటాయి. టూల్ కిట్‌లో వంకర పానా ఇస్తారు. రెండు పక్కలా ఒకే మెట్టులో ఉండాలి. నేను రెండు మెట్లు బిగించాక, తిరుగు ప్రయాణంలో అమ్మ "ఇప్పుడు గతుకులు అంత తెలీట్లేదురా" అంది.

1,400 – అరకు

జనవరిలో ఒక ఆదివారం తెల్లవారుజామున ఒక్కణ్ణే బయల్దేరాను. ఎస్.కోటలో టిఫిను చేసి, బొడ్డవర దాటాక ఘాట్ ఎక్కడం మొదలుపెట్టాను. ఈ ఇంజను తిప్పే బలం (టార్క్) 27 న్యూటన్ మీటర్లు, అదీ ఇంజను నిమిషానికి 4,000 చుట్లు (ఆర్పీఎం) తిరిగేటప్పుడే వస్తుంది. అందుకని ఎత్తులో గుంజాల్సిన పని లేదు. మలుపుకు ముందే గేరు దించుకుంటే మూడో గేరులో హాయిగా ఎక్కేస్తుంది. ఆర్పీఎం మీటరు లేదు కాబట్టి చెవే మీటరు. ఇంజను బరువుగా కొట్టుకుంటూ వణికితే గేరు దించాలని అర్థం. గాలికొండ దగ్గర మంచు ఎంత దట్టంగా ఉందంటే, ముందున్న జీపు వెనక లైట్లు రెండు ఎర్రచుక్కల్లా కనిపించాయి. సుంకరిమెట్టలో కాఫీ గ్లాసు చేతిలో పట్టుకున్నాక గానీ వేళ్లకు స్పర్శ రాలేదు. చలికాలం వెళ్లేవాళ్లు గ్లౌజులు మర్చిపోకండి.

అసలు టెన్షన్ దిగేటప్పుడే. ఎక్కేటప్పుడు ఏ గేరు పట్టిందో దిగేటప్పుడూ దాదాపు అదే గేరు. బాగా వాలు ఉన్నచోట రెండో గేరులో థ్రాటిల్ వదిలేస్తే ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. బ్రేకు మలుపుకు ముందు ఒకసారి, గట్టిగా, వెంటనే వదిలేయాలి. కిందిదాకా బ్రేకు తొక్కిపట్టి దిగితే డిస్కు వేడెక్కి పట్టు తగ్గిపోతుంది. టైడా దగ్గర నా ముందు దిగుతున్న కారు నుంచి కాలిన వాసన వచ్చింది. అది చూశాక క్లచ్ పట్టుకుని జారుతూ దిగే పాత అలవాటు పూర్తిగా మానేశాను. మూల తిరగకముందే హారన్ కొట్టండి. ఎదురుగా ఎక్కుతున్న బండికే ముందు దారి ఇవ్వండి. రానూపోనూ సుమారు 190 కిలోమీటర్లు. మర్నాడు మణికట్లు నొప్పి పుట్టాయి, నడుం మాత్రం బాగుంది.

2,100 – చింతపల్లి బీచి

ఇది నా తప్పు. లైట్‌హౌస్ చూద్దామని ఇసుక అంచున గట్టిగా కనిపించిన చోట సైడ్ స్టాండు వేసి వెళ్లాను. పది నిమిషాల తర్వాత వచ్చేసరికి స్టాండు ఇసుకలోకి దిగిపోయి, బండి ఎడమపక్కకు పడుకుని ఉంది. క్లచ్ లివరు కొస వంగింది, అద్దం తిరిగిపోయింది. వంగి హ్యాండిలు పట్టి లాగబోతుంటే వల సర్దుకుంటున్న ఒక పెద్దాయన "ఒక్కడివే లాగకు బాబూ, నడుం పోద్ది" అని వచ్చి సాయం పట్టాడు.

తర్వాత లేపే పద్ధతి నేర్చుకున్నాను. తాళం ఆఫ్‌లో ఉండాలి. చక్రం దొర్లకుండా గేరులో వేయాలి. హ్యాండిల్ని నేలవైపు పూర్తిగా తిప్పాలి. బండికి వీపు పెట్టి, సీటుకు పిరుదులు ఆనించి, ఒక చేత్తో హ్యాండిలు, ఇంకో చేత్తో వెనక కడ్డీ పట్టుకుని, చిన్న చిన్న అడుగులతో వెనక్కి నడవాలి. పని కాళ్లది. పూర్తిగా నిలబడబోయే ముందు తోపు తగ్గించకపోతే అవతలికి పడిపోతుంది.

ఇప్పుడు నా బ్యాగులో పాత స్విచ్‌బోర్డు చెక్కముక్క ఒకటి ఉంటుంది. స్టాండు కింద దాన్ని వేస్తాను. దానికి బారెడు తాడు కట్టాను, కొస హ్యాండిలుకు తగిలిస్తే బండెక్కాక కిందికి వంగకుండా పైకి లాక్కోవచ్చు. సముద్రం నుంచి వచ్చిన రోజు మంచినీళ్లతో కడిగి, చైనుకు ఆయిల్ వేసేదాకా అన్నం తినను.

చైను, మైలేజీ

ప్రతి 500 కిలోమీటర్లకు చైను పని. సెంటర్ స్టాండు వేసి, ఇంజను ఆపేసి, చక్రం చేత్తోనే తిప్పాలి. గేరులో తిప్పుతూ గుడ్డ పెడితే వేళ్లు పోతాయి. మెత్తటి బ్రష్షుతో కిరోసిను రుద్ది, తుడిచి, లోపలి అంచుకు 90 నంబరు గేర్ ఆయిల్ పలచగా వేస్తాను. వదులు చూసేటప్పుడు ఒక్కచోట కాదు, చక్రం తిప్పుతూ నాలుగుచోట్ల చూడాలి. బిగించాక వెనక ఇరుసుకు రెండు పక్కలా ఉన్న గీతలు సమానంగా ఉండాలి.

మైలేజీ నిండు ట్యాంకు నుంచి నిండు ట్యాంకుకు లెక్క వేస్తున్నాను. మొన్నటిది 318 కిలోమీటర్లకు 9.1 లీటర్లు, అంటే లీటరుకు 35కు కొంచెం తక్కువ. ఊళ్లోనే తిరిగిన వారం 31కి పడింది.

వచ్చే నెల సాలూరు మీదుగా సుంకి ఘాట్ ఎక్కాలని ఉంది. నాది స్పోకుల చక్రం, లోపల ట్యూబు. అడవి దారిలో పంక్చరయితే ఎవరూ దొరకరు. ట్యూబులు రెండు, టైరు లివర్లు, ఇరుసు నట్టుకు సరిపడే పానా కొన్నాను. ఈ శనివారం వెనక చక్రం ఇంట్లోనే ఒకసారి నా చేతులతో విప్పి బిగించి చూస్తాను. ఎంతసేపు పట్టిందో రాస్తాను.