స్లాష్ ట్రక్కుతో ఎనిమిది రౌండ్లు: ఈ సీజన్ లెక్క

అక్టోబర్‌లో ఆఖరి రౌండు అయిపోయింది. ట్రక్కు ఇప్పుడు గరాజ్‌లో బల్ల మీద చక్రాలు ఊడదీసి ఉంది. మర్చిపోకముందే ఈ సీజన్ సంగతులన్నీ రాసి పెట్టుకుంటున్నాను. డాలస్ చుట్టుపక్కల మట్టి ట్రాక్ మీద ఆర్‌సీ (రిమోట్‌తో నడిపే బుల్లి) ట్రక్కులు మొదలుపెట్టాలనుకునే మనవాళ్లకీ పనికొస్తాయి.

నా బండి ట్రాక్సస్ స్లాష్, పదో వంతు సైజు, వెనక చక్రాల డ్రైవ్. ఆ కంపెనీ మా పక్క ఊరు మెకిన్నీలోనే ఉంది. 2008లో ఈ బండి వచ్చాకే ఆర్‌సీలో షార్ట్ కోర్స్ ట్రక్కులు (జంపులున్న చిన్న మట్టి ట్రాక్ మీద పందేలాడే పికప్‌ల నమూనాలు) ఊపందుకున్నాయి. విస్కాన్సిన్‌లోని క్రాండన్‌లో లేబర్ డే వారాంతానికి పెద్ద ట్రక్కులు గాల్లోకి లేస్తాయి కదా, వాటిలో ప్రో 2 (వెనక చక్రాల డ్రైవ్) రకానికి ఇది బుల్లి తమ్ముడు. నేను ఆడేది స్పెక్ స్లాష్‌లో. మా ట్రాక్ రూల్స్ ప్రకారం మోటారు, టైర్లు బండితో వచ్చినవే ఉండాలి. షాకుల్లో (సస్పెన్షన్‌లో) పోసే ఆయిల్ మార్చుకోవచ్చు, బాడీ (పై తొడుగు) కోసుకోవచ్చు.

మార్చిలో మొదటి రౌండు. ఐదు నిమిషాల క్వాలిఫయర్‌లో (ఎవరు ఏ ఫైనల్ ఆడాలో తేల్చే రేసు) 10 ల్యాపులు, 5:05. బెస్ట్ ల్యాప్ 24.6 సెకన్లు. అది చూసి మురిసిపోయాను. సగటు చూస్తే 30.5! పక్కనే కూర్చుని మా అమ్మాయి నోట్‌బుక్‌లో పల్టీలు లెక్కపెట్టింది: ఏడు. పల్టీ కొట్టిన ప్రతిసారీ మార్షల్ (ట్రాక్ పక్కన నిలబడి బండ్లు ఎత్తే మనిషి) పరిగెత్తుకొచ్చి బండిని నిలబెట్టేసరికి ఆరేడు సెకన్లు పోతున్నాయి. వేగం నా దగ్గర మొదటి రోజు నుంచే ఉంది, బండి నాలుగు చక్రాల మీద నిలబడటమే లేదు. ఆ రోజు సీ మెయిన్‌లో (నెమ్మదైన వాళ్ల ఫైనల్; అందరికంటే వేగమైన వాళ్లది ఏ మెయిన్) ఆడి ఇంటికొచ్చాను.

ఏడింటిలో ఐదు పల్టీలు ఒకే చోట, స్టాండు (మేం నిలబడి బండ్లు నడిపే ఎత్తైన చోటు) ఎదురుగా ఉన్న పెద్ద జంప్ దగ్గర. పక్క టేబుల్ దగ్గర వైజాగ్ అబ్బాయి ఒకడు ఉంటాడు, నాకంటే మూడేళ్లు ముందు నుంచి ఆడుతున్నాడు. "అన్నా, మీరు గాల్లోకి లేవగానే భయపడి బ్రేక్ కొడుతున్నారు. అందుకే ముక్కు కిందికి గుచ్చుకుంటోంది. గాల్లో ఉండగా గ్యాస్ కొంచెం పట్టుకోండి" అన్నాడు. కారణం కూడా వాడే చెప్పాడు. చక్రాలు గాల్లో వేగంగా తిరగడం మొదలెడితే బండి ఒళ్లు దానికి ఎదురు దిక్కున తిరిగి ముక్కు పైకి లేస్తుంది. బ్రేక్ వేస్తే ముక్కు దిగుతుంది. ఏప్రిల్ అంతా ప్రాక్టీస్ రోజుల్లో మిగతా ట్రాక్ వదిలేసి ఆ ఒక్క జంప్ మీదే రెండేసి బ్యాటరీలు ఖర్చుపెట్టాను. వేలికి అలవాటు పడ్డాక ఆ జంప్ అంటే టెన్షన్ పోయింది.

రెండో తలనొప్పి బాడీ. షార్ట్ కోర్స్ బాడీ వెడల్పుగా, బోలుగా ఉంటుంది కాబట్టి జంప్‌లో కిందనుంచి గాలి పట్టి పారాచూట్‌లా లేచిపోతుంది. వెనక భాగంలో, తలుపుల వెనక పక్కల రంధ్రాలు పెట్టాను. లెక్సాన్‌కి (బాడీ చేసే ప్లాస్టిక్) మామూలు కత్తెర వాడొద్దు. ముందు బాడీ రీమర్‌తో మూలల్లో గుండ్రటి రంధ్రం చేసి, వంపు కత్తెరతో వాటిని కలపాలి. మూల పదునుగా వదిలేస్తే మొదటి దెబ్బకే అక్కడినుంచి చీలుతుంది.

మూడో రౌండులో నా చేజేతులా చేసుకున్న తప్పు. హీట్ (ఒక విడత రేసు) మధ్యలో కీచుమని శబ్దం, ట్రక్కు ఆగిపోయింది, మోటారు మాత్రం తిరుగుతూనే ఉంది. కవర్ తీస్తే స్పర్ గేర్ (మోటారు తిప్పే పెద్ద గేరు) మీద ఒక పక్క పళ్లే లేవు. నల్లటి ప్లాస్టిక్ పొడి ముగ్గుపిండిలా వేళ్లకి అంటుకుంది. మోటారు స్క్రూలకి థ్రెడ్‌లాక్ (వదులవకుండా పట్టే జిగురు) పెట్టలేదు, వదులయ్యాయి. అప్పటినుంచి ప్రతి రౌండు ముందూ ఇదే పని: నోట్‌బుక్ కాగితం పీలిక రెండు గేర్ల మధ్య పెట్టి, మోటారుని దగ్గరికి నొక్కి, స్క్రూలు బిగించి, గేరు తిప్పుతూ కాగితం బయటికి లాగేస్తాను. కాగితం చిరగకుండా, ముడతలు మాత్రం పడి వస్తే గేర్ల మధ్య సందు సరిపోయినట్టే.

జూలై ఎండలకి షాక్ ఆయిల్ పలచబడి, బండి దిగిన ప్రతిచోటా నేలకి కొట్టుకుంది. ముందు షాకుల్లో 30 నంబరు ఆయిల్ తీసేసి చిక్కటి 40 పోశాను, వెనక 35. హీట్ అవగానే మోటారుకి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ పెట్టి చూసేవాణ్ణి. 80 డిగ్రీల సెల్సియస్‌కి దగ్గరపడితే పినియన్ (మోటారు మీది చిన్న గేరు) ఒక పన్ను తగ్గించాను. నేరుగా పోయే చోట వేగం కాస్త తగ్గింది కానీ ల్యాప్ టైమ్‌లో తేడా కనిపించలేదు.

బ్యాటరీ 2ఎస్ లైపో (రెండు సెల్‌ల లిథియం రకం), 5000 ఎంఏహెచ్. ఛార్జింగ్ 5 ఆంప్స్‌కి మించి పెట్టను, ఇంట్లో పెట్టేటప్పుడు సెల్‌కి 3.8 వోల్టుల దగ్గర ఉంచుతాను. కొత్తవాళ్లు ఒకటి తప్పకుండా చూసుకోవాలి. ఎక్స్‌ఎల్-5 ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని అదుపు చేసే పెట్టె) ఆన్ చేయగానే లైటు ఆకుపచ్చగా వెలగాలి. ఎర్రగా వెలిగితే లో వోల్టేజ్ కటాఫ్ (ఛార్జి మరీ పడిపోకుండా ఆపే ఏర్పాటు) ఆఫ్‌లో ఉన్నట్టు, లైపో పాడైపోతుంది.

మన హీట్ అవగానే తర్వాతి హీట్‌కి మార్షల్‌గా నిలబడాలి. చాలామంది విసుక్కుంటారు కానీ నేను లైన్లు నేర్చుకుంది అక్కడే. ఏ మెయిన్ వాళ్లు జంప్ ముందు మలుపులో నేననుకున్న దానికంటే చాలా ముందే నెమ్మదిస్తారు, జంప్‌కి తిన్నగా వస్తారు. స్టాండు మీద నుంచి చూస్తే ఇది తెలియదు.

అక్టోబర్ క్వాలిఫయర్: 12 ల్యాపులు, 5:10. బెస్ట్ 24.2, సగటు 25.8 దగ్గర. సీజన్ అంతా కష్టపడితే బెస్ట్ ల్యాప్‌లో తగ్గింది 0.4 సెకను, సగటులో నాలుగున్నర పైనే! నోట్‌బుక్‌లో పల్టీలు: ఒకటి. మొదటిసారి ఏ మెయిన్, పది బండ్లలో తొమ్మిదో స్థానం నుంచి మొదలుపెట్టి ఆరో స్థానంలో ముగించాను. ఫ్లాగ్ పడ్డాక చేతులు వణుకుతూ ట్రాన్స్‌మిటర్ ఆఫ్ చేయడానికి రెండుసార్లు ప్రయత్నించాల్సి వచ్చింది.

ఈ వారం డిఫ్ (వెనక చక్రాల మధ్య ఉండే గేర్లు) విప్పి శుభ్రం చేయాలి, ముందు హింజ్ పిన్లు (సస్పెన్షన్ కీళ్ల కడ్డీలు) రెండూ వంగాయి, మార్చాలి. ఆ పని అయ్యాక ఈఎస్‌సీని ట్రైనింగ్ మోడ్‌లో పెడతాను. అందులో పవర్ సగమే వస్తుంది. ఆదివారం ట్రాన్స్‌మిటర్ మా అమ్మాయి చేతిలో, నోట్‌బుక్ నా చేతిలో.