మే 18న గంజి ఎందుకు కాస్తారు?

టొరొంటోలో, ముఖ్యంగా స్కార్‌బరోలో, ఈళం తమిళులు, అంటే శ్రీలంక నుంచి వచ్చిన తమిళులు, మే 18న గంజి కాస్తారు. 2009లో అదే రోజున శ్రీలంక సైన్యానికీ తమిళ పులులకూ (ఎల్టీటీఈ) మధ్య యుద్ధం ముళ్ళివాయ్‌క్కాల్ తీరంలో ముగిసింది. చివరి వారాల్లో అక్కడ చిక్కుకుపోయిన జనం ఉప్పుగంజి మీదే ప్రాణాలు నిలుపుకున్నారు.

ఆ యుద్ధం సంగతి చెప్పకపోతే పిల్లలకు తెలియదనుకోవడం పొరపాటు. శ్రీలంక వైమానిక దళం బాంబులు వేసిన కఫీర్ జెట్లను అక్కడి జనం ‘కిబీర్’ అనేవారు. సెప్టెంబరులో లేబర్ డే సెలవులకు టొరొంటోలో ఒంటారియో సరస్సు మీద విమాన విన్యాసాలు ఉంటాయి. ఆ మోతకు అమ్మమ్మ అన్నం పళ్ళెం వదిలేసి గోడవారకు జరిగితే మనవరాలు చూస్తుంది. ఎందుకో ఎవరూ చెప్పరు కాబట్టి తానే ఏదో తప్పు చేశాననుకుంటుంది. మే నెలలోనూ ఇదే చిక్కు. కెనడా సెలవు దినమైన విక్టోరియా డే బాణసంచా 18కీ 24కీ మధ్య సోమవారం వస్తుంది, 2026లో సరిగ్గా 18నే. ఏ వేళకు కాలుస్తారో పెద్దవాళ్ళకు ముందు రోజే చెప్పండి, పిల్లల ఎదుటే చెప్పండి.

ఈ మౌనం మొండితనం కాదు. ఒకవైపు సైన్యం, మరోవైపు పులులు ఉన్నచోట నోరు విప్పకపోవడమే బతికే దారి. జాఫ్నా మానసిక వైద్యుడు దయా సోమసుందరం దీన్ని సామూహిక గాయం అన్నారు. మనిషి ఒక్కడే కాదు, కుటుంబం, ఊరు, ఇరుగుపొరుగు నమ్మకం అన్నీ దెబ్బతిన్నాయని ఆయన రాశారు.

అందుకే ముందు అమ్మమ్మనే అడగాలి: ఏది చెప్పమంటారు, ఏది వద్దంటారు? ఆవిడ వద్దన్నది ఆవిడదే. ఆరేళ్ళ పిల్లకు మూడు ముక్కలు చాలు: ‘అమ్మమ్మ ఊళ్ళో యుద్ధం జరిగింది. తప్పించుకుని వచ్చింది. ఇక్కడ మనకు భయం లేదు.’ పదేళ్ళకు శ్రీలంక మ్యాపు పరిచి జాఫ్నా, కిళినొచ్చి, ముల్లైత్తీవు చూపించవచ్చు. పద్నాలుగేళ్ళకు పూర్తిగా చెప్పాలి. 1983 జులైలో కొలంబోలో సింహళ మూకలు ఓటర్ల జాబితాలు పట్టుకుని తమిళుల ఇళ్ళు తగలబెట్టినదీ, 1990 అక్టోబరులో పులులు జాఫ్నా ముస్లింలను రెండు గంటల్లో వెళ్ళగొట్టినదీ, పిల్లల చేతికి తుపాకులిచ్చినదీ. సగం దాస్తే మిగతా సగం ఇంటర్నెట్‌లో దొరుకుతుంది, అప్పుడు మీ మాట నమ్మరు. శవాల వీడియోలు మాత్రం ఏ వయసులోనూ మీరుగా చూపించవద్దు. నిద్ర పట్టకపోవడం, కడుపునొప్పి నెల దాటితే ఫ్యామిలీ డాక్టరుకు ఇంటి చరిత్రతో సహా చెప్పండి.

గంజి పిల్లల చేతే కాయించండి. గ్లాసు బియ్యానికి పది గ్లాసుల నీళ్ళు, సన్న మంట మీద ముప్పావు గంట. మూత ఓరగా పెట్టకపోతే పొంగిపోతుంది, కలపకపోతే అడుగంటుతుంది. చివర్లో ఉప్పు. చాలామంది జాలిపడి కొబ్బరిపాలు పోస్తారు. పోయకండి. ఆ చప్పదనం నాలుకకు తగిలాకే పిల్ల ‘ఇంతేనా?’ అని అడుగుతుంది, చెప్పడానికి అదే అదను.

మన తెలుగు పిల్లలు ఆరోజు ఈళం తమిళుల ఇంటికి ఆడుకోవడానికి వెళ్తే వాళ్ళకూ ఒక గిన్నె ఇస్తారు. కూర్చుని తాగమని, పచ్చడి అడగవద్దని ముందే చెప్పి పంపండి.