మంచాన పడ్డవాళ్లున్న ఇంట్లో ముందు రాత్రిళ్లు పంచుకోండి

పక్షవాతమొచ్చి తనంతట తాను పక్కకు తిరగలేని మనిషిని, ఒంటికి పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి తిప్పాలి. రాత్రి పదికి, పన్నెండుకి, రెండుకి, నాలుగుకి కోడలే లేస్తుంటే, ఎంత ఓర్పున్న మనిషైనా వారం తిరిగేసరికి కసురుకుంటుంది. సరిగ్గా అప్పుడే ఒంగోలు నుంచి చుట్టపుచూపుగా ఆడబిడ్డ దిగుతుంది. "ఏంది వదినా, నాయన ఇట్టా చిక్కిపోయినాడు?" ఇంక చూస్కోండి.

పది, పన్నెండు కొడుకువి. రెండు, నాలుగు కోడలివి. ఇలాగైతే ఇద్దరికీ నాలుగైదు గంటలు ఏకబిగిన నిద్ర దక్కుతుంది. మంచం పక్కన గోడకు కాగితం అంటించి టైము, ఏ పక్కకు తిప్పారు, ఎవరు తిప్పారు రాయండి. ఆడబిడ్డకు జవాబు కూడా అదే. బెంగళూరు తమ్ముడు పంపే డబ్బుతో రాత్రికి మనిషిని పెట్టుకోవచ్చు. పండక్కి వచ్చినన్నాళ్లూ మాత్రం రాత్రిళ్లు ఆయనవే.

మంచంలో కిందికి జారిన మనిషిని చంకల్లో చేతులేసి ఒక్కరే పైకి లాగితే చర్మం పక్కకు ఒరుసుకుని దెబ్బతింటుంది, లాగినవాళ్ల నడుమూ పట్టేస్తుంది. పాత కాటన్ చీర నాలుగు మడతలేసి భుజాల నుంచి తొడల దాకా ఒంటి కింద పరవండి. ఇద్దరు చెరో పక్కా అంచులు చుట్టి పట్టుకుని, ఎత్తి జరపాలి. పూర్తిగా పక్కకు తిప్పేస్తే బరువంతా తుంటి ఎముక మీదే. వీపు వెనక దిండు పెట్టి 30 డిగ్రీలు వాలిస్తే చాలు. పిక్కల కింద ఇంకో దిండు పెట్టి, మడమలు పరుపుకి తగలకుండా చూడండి.

ఒళ్లు తుడిచేటప్పుడు నడుం కింద, తుంటి, మడమలు చూడాలి. ఎర్రబడ్డచోట వేలితో నొక్కినా తెల్లబడలేదంటే పుండు మొదలైనట్టే. నల్లటి ఒంటి మీద ఎరుపు తెలియదు. తడిమితే వేడిగానో గట్టిగానో తగులుతుంది. అక్కడ నూనె పెట్టి మర్దనా చేస్తారు మనవాళ్లు. వద్దు, లోపల ఇంకా పాడవుతుంది. ఆ పక్కన పడుకోబెట్టడం మానేసి నర్సుకో డాక్టరుకో చూపించండి.

గాలి పరుపు కొన్నాం కదా అని తిప్పడం మానేసే ఇళ్లు చాలా ఉన్నాయి. పరుపున్నా తిప్పాలి. తుంటి కింద పరుపు అడుగున అరచెయ్యి దూర్చండి. ఎముక తగిలితే గాలి చాల్లేదు. కరెంటు పోతే పంపు ఆగుతుంది, మే నెలలో అది మామూలే, కాబట్టి ఇన్వర్టరుకి కలిపి ఉంచండి.

చూసేవాళ్లకే మనసు బాగాలేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ లైను టెలిమానస్ 14416కి చెయ్యండి, రాత్రైనా పలుకుతారు. పెద్దవాళ్ల పింఛను, చట్టం సంగతులకు వృద్ధుల హెల్ప్‌లైను 14567. ఇల్లు రాయించుకుని ముఖం చాటేసిన పిల్లల మీద 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం కింద ఆర్డీఓ ట్రిబ్యునల్లో అర్జీ పెట్టొచ్చు. చూస్తామన్న షరతు దస్తావేజులో ఉంటే కేసు గట్టిపడుతుంది, రాసేముందే ఆ మాట పెట్టించుకోండి.