5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు నిలబడలేకపోతున్నా

మళ్లీ అదే కథ. స్కూబా డైవ్ అంతా హాయిగా సాగింది. చివర్లో సేఫ్టీ స్టాప్ (పైకి తేలేముందు 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగడం) దగ్గరకొచ్చేసరికి బెండులా పైకి తేలిపోయా. 5.2 మీటర్ల దగ్గర ఆగాను, లోతూ సమయమూ చూపే డైవ్ కంప్యూటర్ 3 నిమిషాల లెక్క మొదలుపెట్టింది. నిమిషం కాకుండానే 4.4, కాసేపటికి 3.6. ఆ తర్వాత చూసే తీరిక లేదు, తల నీళ్ల పైనే ఉంది. చెవులు, మాస్కులో నీళ్లు, ఇవేవీ ఇప్పుడు సమస్య కాదు.

నా సరంజామా ఇదీ: ఉప్పునీళ్లు, 3 ఎంఎం వెట్‌సూట్, అల్యూమినియం 80 సిలిండర్, మునగడానికి నడుముకు 5 కిలోల బరువులు. నిండు సిలిండర్‌తో సరిగ్గా కళ్ల మట్టానికి తేలాను, ఊపిరి వదిలితే మునిగాను. బరువు సరిపోయిందనే అనుకుంటాం. కానీ సిలిండర్ పీడనం 200 బార్ నుంచి 50 బార్‌కి వచ్చేసరికి సిలిండర్లోంచి పోయిన గాలి బరువే సుమారు 2 కిలోలు. సరే అని 2 కిలోలు కలిపి చూశా. ఇంకా ఘోరం. 15 మీటర్ల దగ్గర ఆ అదనపు బరువును మోయడానికి బీసీడీలో (గాలి నింపి తేలే జాకెట్) ఇంకో 2 లీటర్ల గాలి కొట్టాల్సి వచ్చింది. అక్కడ పీడనం 2.5 బార్, 5 మీటర్ల దగ్గర 1.5. అంటే ఆ 2 లీటర్లే పైకొచ్చేసరికి 3.3 అవుతాయి. దాన్ని వదిలేలోపే అది నన్ను లాక్కుపోయింది. ప్రస్తుతం 6 కిలోల దగ్గర ఆగా.

ఇంకో అనుమానం, బీసీడీలో గాలి వీపు వైపు చిక్కుకుంటోందని. నేను బోర్లా ఉండి గాలి వదిలే గొట్టం పైకెత్తితే బుడగ కూడా రావట్లేదు. నిలువుగా లేచి ఎత్తాలి, లేదా వెనక కింద ఉన్న వాల్వ్ తాడు లాగాలి. దానికితోడు టెన్షన్‌లో ఊపిరి పూర్తిగా వదలట్లేదు. ఛాతీలో లీటరున్నర పట్టి ఉంచితే కిలోన్నర తేలిక, అంతకంటే ఏం కావాలి?

వీటన్నిటికంటే నాకు గట్టిగా అనుమానం డైవ్ చేసే చోటు మీదే. ‘బిగినర్లకు అనువైనది’ అని చెప్పే చోట్లు చాలావాటిలో ఉండేది 12 మీటర్ల అడుగు, తేట నీళ్లు, అంతే. పైకొచ్చేటప్పుడు చుట్టూ నీలం తప్ప కంటికి ఏదీ ఆనదు. బాలిలోని తులంబెన్‌లో అవే 6 కిలోలతో 4.7కీ 5.4కీ మధ్యే ఉన్నా. అక్కడ లిబర్టీ ఓడ శిథిలం పైభాగం సుమారు 5 మీటర్ల లోతులోనే ఉంటుంది, ఒడ్డు దాకా వాలు. ముక్కు ముందు పగడం కనిపిస్తుంటే పైకి జారడం వెంటనే తెలిసిపోతుంది. గుండ్రాళ్ల ఒడ్డు మీద సిలిండర్ మోసుకుని నడవడం మాత్రం నరకం. మందం అడుగున్న బూట్లు లేకుండా వెళ్లొద్దు.

అందుకే డైవ్ సెంటర్లను ఇప్పుడు ముందుగా అడిగేది చేపల గురించి కాదు, సేఫ్టీ స్టాప్ ఎక్కడ చేయిస్తారని. తాడు పట్టుకునా, వాలు మీదా, నడి నీళ్లలోనా? ‘అక్కడికెళ్లాక చూద్దాం’ అంటే ఇంకొకరిని వెతుక్కుంటా. కొత్తవాళ్లను ప్రవాహంలో వదిలి డ్రిఫ్ట్ డైవ్ చేయించడం నాకు అస్సలు నచ్చదు. కంప్యూటర్ విషయానికొస్తే, షేర్‌వాటర్ పెరిగ్రిన్ రంగుల తెర దండగ ఖర్చనుకునేవాణ్ని. ఇలా మీటర్లు మారిపోతుంటే అంకెలు ఒక్క చూపులో కనబడాలి, ఇప్పుడు కొనాలనే ఉంది.

తర్వాతి సెలవులకు ఈజిప్టులోని దహబ్‌లో లైట్‌హౌస్ అనే డైవ్ చోటు చూస్తున్నా. ఒడ్డు నుంచే దిగొచ్చు, ఇసుక కూడా ఉంది. కరీబియన్ దీవి బొనెయిర్ ఇంకా బాగుంటుంది. దారి పక్కన పసుపు రాళ్ల మీద డైవ్ చోట్ల పేర్లు రాసి ఉంటాయి, తోడుతో మన తీరికకొద్దీ దిగొచ్చు. కానీ దూరం. ఎక్కడికెళ్లినా ఆఖరి డైవ్‌కీ విమానానికీ మధ్య 18 గంటలు వదలాలి కాబట్టి చివరి రోజు ఖాళీ.

మొదటి డైవ్‌లోనే సిలిండర్ 50 బార్‌కి దగ్గరయ్యాక, 5 మీటర్ల దగ్గర తాడు పట్టుకుని, బీసీడీ పూర్తిగా ఖాళీ చేసి చూస్తా. 6 కిలోలు చాలకపోతే 7. అప్పటికీ తేలితే తప్పు ఊపిరిదే.