చేప గుడ్డుకి కాపలా

నిన్న రాత్రంతా జాగారమే. మైక్రోస్కోప్ కింద ఒక్క జీబ్రాఫిష్ గుడ్డు, పక్కన నేను. మొన్న కునుకు తీసేసరికి ఫోకస్ జరిగిపోయి రికార్డింగ్ మొత్తం పోయింది, అందుకే ఈ కాపలా.

ఫలదీకరణ జరిగిన 4 గంటలకి కణాలన్నీ సొన మీద టోపీలా కూర్చుని ఉంటాయి. ఆ తర్వాత కిందికి జారడం మొదలుపెట్టి, పదో గంటకల్లా సొననంతా కప్పేస్తాయి. పెనం మీద దోసె పిండి పరిచినట్టే, కాకపోతే ఇక్కడ గరిటె లేదు. పిండే కదులుతుంది! అంచున ఉన్న కొన్ని కణాలు లోపలికి దూరి వెన్ను వైపు నడుస్తాయి. అక్కడ ఒకదాని మధ్యలోకి ఒకటి చొరబడతాయి. నాలుగు వరసల జనం రెండు వరసలైతే క్యూ పొడవెక్కుతుంది కదా, పిండం సాగేదీ అలాగే.

విసుగొస్తే జర్మన్ పిండశాస్త్రవేత్త హిల్డె మాంగోల్డ్ గుర్తొస్తుంది. న్యూట్ (బల్లిలా కనిపించే ఉభయచరం) పిండంలోంచి చిన్న ముక్క తీసి ఇంకోదానికి అతికిస్తే రెండో శరీరం ఏర్పడుతుందని చూపించింది. ఆ పేపర్ 1924లో వచ్చింది. ఆ ఏడాదే, 25 ఏళ్లకే ఆమె పోయింది. ఆ పనికే ఆమె గురువు స్పెమాన్‌కి 1935లో నోబెల్ వచ్చింది. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

ఈసారి వీడియో బాగా వచ్చింది. అమ్మకి పంపాను. "సరే గానీ, తిన్నావా?" అంది.